ఊగుడు బ్రిడ్జి, కుంటి దరువు

పొద్దున టీ కన్నా ముందు ఆంథోని చేసే పని బ్రిడ్జిని తట్టి లేపడం. చేతిలో పెద్ద పానా పట్టుకుని మద్దిగూడెం ఒడ్డు నుంచి తూటిగూడెం ఒడ్డు దాకా నడుస్తూ, పైన కేబుల్ నుంచి కిందికి దిగిన ఇనుప కడ్డీలను ఒక్కొక్కదాన్నీ కొడతాడు. కుడివైపు నలభై రెండు, ఎడమవైపు నలభై రెండు. ఒడ్డుల దగ్గరి పొడుగు కడ్డీలు బొంగురుగా పలుకుతాయి, మధ్యలోని పొట్టివి కీచుమంటాయి. బిగువు తగ్గిన కడ్డీ మాత్రం జలుబు చేసిన మనిషిలా ముక్కుతో మాట్లాడుతుంది. అక్కడ ఆగి, నట్టును అర చుట్టు తిప్పి, మళ్లీ కొట్టి, గొంతు తేటపడిందనుకున్నాకే ముందుకు కదులుతాడు. ఎనభై నాలుగూ అయ్యేసరికి ఆవలి ఒడ్డున కోళ్లు, ఈవలి ఒడ్డున ఆయన భార్య ఇన్నమ్మ లేచి ఉంటారు.

"అన్ని ఊర్లు గుడి గంటకో చర్చి గంటకో లేస్తయి. మనూరు ఈయన పానాకు లేస్తది," అంటుంది ఇన్నమ్మ. అది మెచ్చుకోలు కాదు.

చండ్రుగొండ దాటి అడవి వైపు పోయే దారిలో జిల్లేడు వాగు మీద ఉందా బ్రిడ్జి. అరవై మీటర్ల పొడుగు, ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు. కాగితాల్లో దానికి పెద్ద పేరేదో ఉంది గాని జనానికి అది ఊగుడు బ్రిడ్జి. ఆవల తూటిగూడెంలో నలభై ఇళ్లు. వానలు పడి వాగు వచ్చిందంటే ఆ నలభై ఇళ్లకు బడి, దవాఖానా, రేషన్ షాపు అన్నిటికీ అదే దారి. అది లేకపోతే అడవిని చుట్టి పద్దెనిమిది కిలోమీటర్లు. ఆంథోని కూతురు స్తుతిని ఇచ్చింది కూడా ఆ ఊరికే. బ్రిడ్జి దిగితే మూడో ఇల్లు.

పంచాయతీలో ఆంథోని మల్టీపర్పస్ వర్కర్. మోరీలు తీయాలి, వీధి బల్బులు మార్చాలి, ట్రాక్టర్ మీదికి చెత్త ఎత్తాలి. బ్రిడ్జి ఆ జాబితాలో లేదు. అది ఆయన తనంతట తాను నెత్తికెత్తుకున్న పని. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఒక పవర్ ప్లాంటులో కాంట్రాక్టర్ కింద ఫిట్టర్‌గా చేశాడు. ఇల్లంత ఫ్యాన్ల పక్కన నిలబడీ నిలబడీ ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. అందుకే అనుమానం వచ్చిన కడ్డీకి పానా ఒక కొస ఆనించి, రెండో కొస దవడ ఎముకకు పెట్టుకుంటాడు. చెవికి అందనిది ఎముకకు అందుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు ఇనుము కొరుకుతున్నట్టు ఉంటుంది.

ఇంత శ్రద్ధగల మనిషి నిరుడు శ్రావణ మాసంలో బ్రిడ్జిని దాదాపు తిరగేసినంత పని చేశాడు. అది తన చేతి పనేనన్న సంగతి అప్పటికి ఆయనతో సహా ఎవరికీ తెలియదు.

జరిగింది ఇది. ముత్యాలమ్మ గుడి వాగుకు ఆవల ఉంది. ఏటా శ్రావణంలో మద్దిగూడెం ఆడవాళ్లు బోనాలెత్తుకుని వాగులో మోకాటి లోతు నీళ్లలో దాటి పోతారు. ముందు డప్పులు, వెనక బోనాలు. డప్పు ఒకసారి జాతర కమిటీ పెద్ద వాకిట్లో లేచిందంటే అమ్మవారి గడప దాకా ఆగకూడదు. ఆగితే తల్లి అలుగుతుంది, ఆ ఏడు పంట ఉండదు. నిరుడు వాగు నడుముల దాకా వచ్చింది. కాబట్టి మొదటిసారి జాతర బ్రిడ్జి ఎక్కింది.

రెండు వందల మంది ఎగబడ్డారు. తోపులాటలో ఎవరైనా పడిపోతారని ఆంథోని భయపడ్డాడు. గబగబా ముందుకొచ్చి జనాన్ని ఇద్దరిద్దరి వరస కట్టించాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. చర్చిలో ఢోలక్ వాయించే చేతులు ఊరుకోలేదు. తప్పట్లు చరుస్తూ, "అడుగు కలపుండ్రి! డప్పుకు కలపుండ్రి! ఎడమ, కుడి! ఎడమ, కుడి!" అని అరిచాడు. జనం కలిపారు. చూడముచ్చటగా కలిపారు. పోలీసు పరేడ్‌కు కూడా అంత వాటంగా కలపరేమో.

నడిమధ్యకు వచ్చేసరికి బ్రిడ్జి ఒక పక్కకు ఒరిగింది. మళ్లీ రెండో పక్కకు. ప్రతి అడుగుకూ ఇంకాస్త. ఊయల తొట్టిలా ఊగిపోయింది. కమిటీ పెద్ద వెంకటనారాయణ భార్య సుశీలమ్మ నెత్తి మీది బోనం వాగులో పడి, అమ్మవారి అన్నం చేపల పాలయింది. డప్పు కొట్టే బలరాం రెయిలింగ్‌కు గుద్దుకుని మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. జనం కింద కూలబడి కడ్డీలు పట్టుకున్నాకే ఊపు చల్లారింది.

తరవాత ఎవరి కారణం వారు చెప్పారు. తల్లికి ఇనుప దారి నచ్చలేదన్నారు వెంకటనారాయణ. సిమెంటులో మోసం జరిగిందన్నారు కొందరు. నాలుగో రోజున అసిస్టెంట్ ఇంజినీరు శ్రావణి స్కూటీ మీద వచ్చి, కేబుళ్లు, నట్లు అన్నీ చూసి, ఏ లోపమూ దొరక్క చిరాకు పడింది.

"అంకుల్, మెయింటెనెన్స్ బాగనే ఉంది. కానీ ఇంకొక్కసారి గిట్ల ఊగిందనుకో, గేటుకు తాళమేస్త. పైనుంచి కొత్త డిజైన్ వచ్చేదాక తియ్య," అంది.

పైనుంచి డిజైన్లు ఎంత జల్దీ వస్తాయో ఆంథోనికి తెలుసు. "అవ్ మేడం" అన్నాడు. తప్పట్ల సంగతి మాత్రం చెప్పలేదు. వరస కట్టించినందుకు నలుగురూ మెచ్చుకుంటుంటే కిక్కురుమనకుండా మెచ్చుకోలు పుచ్చుకున్నాడు. జనం తోసుకోకుండా, పద్ధతిగా నడిస్తే బ్రిడ్జి ఎందుకు ఊగాలి? ఆయనకే అర్థం కాలేదు.

అర్థమైంది క్రిస్మస్ ముందర, పాటల ప్రాక్టీసులో. చర్చిలో బట్టలు దాచే ఇనుప బీరువా ఒకటుంది. ఆడవాళ్లు పాట ఎత్తుకుని ఒకానొక స్వరం దగ్గరికి రాగానే దాని తలుపు గుర్రుమనేది. అంతకన్నా పైకి పాడినా, కిందికి పాడినా, గొంతు చించుకున్నా ఉలకదు, పలకదు. ఆ ఒక్క స్వరానికి మాత్రం మెల్లగా పాడినా గుర్రు.

"ఆ బీరువాకు మన పాటంటే పడదు," అంది వరసలో నిలబడ్డ ఇన్నమ్మ.

"పడదు కాదే, బాగ పడ్తది. అది దాని సొంత పాట," అన్నాడు ఆంథోని, తలుపు సందులో అట్టముక్క దోపుతూ. అన్నాక చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ప్లాంటులో ఫ్యాను గుర్తొచ్చింది. ఆగి ఉన్న ఫ్యాను స్విచ్ వేస్తే నిమ్మళంగా లేస్తుంది. ఒకానొక వేగం దగ్గర మాత్రం ప్లాట్‌ఫారమ్ అంతా వణికిపోతుంది. ఆ వేగం దాటితే మళ్లీ పిల్లిలా ఉంటుంది. పాత ఫోర్‌మన్ ఒకటే చెప్పేవాడు: "అక్కడ నిలబడకు, దాటించెయ్." ఉయ్యాల కూడా అంతే. ఎప్పుడు పడితే అప్పుడు తోస్తే ఊగదు. వెనక్కి వచ్చి ఆగిన క్షణంలో తోస్తే చిటికెన వేలు చాలు. ప్రతి వస్తువుకూ తనదైన ఊపు ఒకటుంటుంది. ఆ ఊపుకు సరిగ్గా కలిపి ఎవరైనా తోస్తే అది రెచ్చిపోతుంది. బీరువాకు ఒక స్వరం, ఫ్యానుకు ఒక వేగం. మరి బ్రిడ్జికి?

మర్నాడు మధ్యాహ్నం, మనుషులు లేని వేళ చూసి, బ్రిడ్జి నడిమధ్యన కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి నడుమును కుడికీ ఎడమకూ ఊపాడు. రెండు మూడు నిమిషాలు తంటాలు పడ్డాక బ్రిడ్జి కొద్దిగా కదిలింది. అప్పుడు తాను ఆపేసి, దాని మానాన దాన్ని ఊగనిచ్చి, ఫోన్‌లో సెకన్లు చూస్తూ లెక్కపెట్టాడు. నిమిషానికి యాభై ఆరు ఊపులు. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే. తలెత్తి చూస్తే ఎదురుగా కూతురు స్తుతి, చంకలో కూరగాయల సంచి.

"ఏంది నాన్నా గది? ఊర్ల పరువు తీస్తున్నవ్! మా అత్త కిటికీల నుంచి చూస్తాంది, మీ నాయినకు ఒంట్ల బాగలేదా అంటాంది."

"లెక్క చూస్తున్న బిడ్డా."

"నడుముతోనా?"

నడుము సంగతి తేలింది, ఇక డప్పు సంగతి తేలాలి. సాయంత్రం బాబూరావు ఇంటికి పోయాడు. బాబూరావు డప్పు మేళానికి పెద్ద, ఆంథోనికి చిన్ననాటి దోస్తు. బోనాల నడక దరువు కొట్టమంటే, "ఎండకాలం రాకముందే జాతరేంది?" అని గొణుగుతూనే డప్పు, పుల్లలు అందుకున్నాడు. ఆంథోని వాకిట్లో ఆ దరువుకు నడుస్తూ లెక్కపెట్టాడు. నిమిషానికి నూట పన్నెండు అడుగులు. అందులో ఎడమ అడుగులు యాభై ఆరు. ఎడమ కాలు వేసిన ప్రతిసారీ మనిషి కొద్దిగా ఎడమకు తోస్తాడు, కుడి కాలుకు కుడికి. ఒక్క మనిషి తోపు దోమకాటంత. రెండు వందల మంది ఒకేసారి, అదీ బ్రిడ్జి సొంత ఊపుకు కలిపి తోస్తే? కలపమని అరిచిందెవరు?

వాకిట్లో నీళ్ల తొట్టి అంచు మీద కూలబడ్డాడు ఆంథోని.

"ఏమైందిరా? దరువు బాగలేదా?" అన్నాడు బాబూరావు.

"బాగుంది. గదే బాధ."

సంగతంతా విన్నాక బాబూరావు చాలాసేపు నవ్వాడు. తరవాత నవ్వు మానేశాడు, ఎందుకంటే మళ్లీ శ్రావణం వస్తుంది, డప్పు ఆపడానికి వీల్లేదు. మెల్లగా కొట్టి చూద్దామంటే, మూడు నిమిషాల్లో చేతులు వాటంతటవే పాత నడకకు వచ్చేస్తాయన్నాడు. జోరుగా కొడితే నెత్తి మీద కుండలున్న ఆడవాళ్లు పరుగెత్తాలి. డప్పులు ఒడ్డునే ఉండి కొట్టినా లాభం లేదు, చెవిన పడితే కాలు దానికే కలుస్తుంది.

"కాలు కలవని దరువు లేదారా?" అన్నాడు ఆంథోని.

బాబూరావు గడ్డం గోక్కున్నాడు. "మా నాయిన ఒకటి కొట్టేటోడు. వీధి ఆటల కుంటి తాత వేషం వచ్చేటప్పుడు. రెండు, రెండు, మూడు. రెండు, రెండు, మూడు." డప్పు మీద కొట్టి చూపించాడు. ఏడు దెబ్బల లెక్క. ఆంథోని దానికి నడవబోయి మూడో అడుగులో తడబడ్డాడు. ఒకసారి ఎడమ కాలు మీద బరువు పడితే, ఇంకోసారి కుడి కాలు మీద. బాబూరావు భార్య వచ్చి నడిచింది, ఆమె ఇంకో రకంగా తడబడింది. పక్కింటివాళ్లను పిలిచారు. ఏ ఇద్దరి నడకా కలవలేదు. చివరికి అందరూ దరువును పట్టించుకోవడం మానేసి ఎవరి నడక వాళ్లు నడిచారు.

ఆంథోని ముఖంలో నాలుగు నెలల తరవాత వెలుగు కనబడింది.

శ్రావణం వచ్చింది, వాగూ వచ్చింది. జాతర నాడు పొద్దున్నే శ్రావణి స్కూటీ ఆగింది. హ్యాండ్‌బ్యాగులోంచి కొత్త తాళం, గొలుసు తీసి బ్రిడ్జి గేటు పక్కన దిమ్మె మీద పెట్టింది. అప్పుడే అక్కడికి కండువా సర్దుకుంటూ వెంకటనారాయణ వచ్చారు. ఆయన తాత కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొన్న కుటుంబం. మూడు తరాలైనా మాటలో ఆ యాస పోలేదు.

"పది మంది పది మందిగా పోవాలి సార్. డప్పు లేకుండ," అంది శ్రావణి.

"డప్పు లేకుండానా? ఏంటమ్మా, పెళ్లికొడుకు లేకుండా పెళ్లి చేయమన్నట్టుంది! పోయినేడు కుండ పోయింది, ఇప్పుడు డప్పు కూడా ఆగితే ఊళ్లో నన్ను బతకనిస్తారా?"

"గట్లైతే ఇప్పుడే తాళమేస్త."

ఇద్దరి మధ్యకూ పానాతో వచ్చాడు ఆంథోని. నిన్న రాత్రి ఇన్నమ్మకు చెప్పాడు, ఆమె ఒకటే మాట అంది: "ఫాదర్ దగ్గర ఒప్పుకునుడు కాదు, తప్పు చేసిన కాడ ఒప్పుకో."

"మేడం, సారూ, నిరుడు తప్పు తల్లిది కాదు, బ్రిడ్జిది కాదు. నాది," అన్నాడు. తప్పట్ల సంగతి, బీరువా సంగతి, యాభై ఆరు, నూట పన్నెండు, అన్నీ చెప్పాడు. వెంకటనారాయణ నోరు తెరిచి విన్నారు. శ్రావణి మాత్రం మధ్యలోనే ఫోన్ తీసి ఏదో లెక్క చూసుకుంది.

"నీ నడుముతో కొలిచినవా అంకుల్?"

"అవ్ మేడం."

"మా దగ్గర దానికి మిషన్ ఉంటది," అంది. నవ్వలేదు గాని తాళం మీది చెయ్యి తీసింది. "పది మంది లెక్కనే పోవాలె. మీ కుంటి దరువే కొట్టాలె. బ్రిడ్జి జానెడు ఊగినా నేను చెయ్యెత్తుత, అందరు కూసోవాలె. తరవాత తాళమే. నేను ఆవలి ఒడ్డున ఉంట."

వెంకటనారాయణకు దరువు మారడం రుచించలేదు. "అమ్మవారు కుంటి దరువుకు ఒప్పుకుంటుందా?" అని గొణిగారు. పసుపు పూసిన ముఖంతో, కొత్త బోనం కుండతో వచ్చిన సుశీలమ్మ భర్త వైపు ఒక చూపు చూసింది. "అన్నం చేపలకి పెట్టినదాన్ని నేను. డప్పు ఆగకపోతే చాలు, ఎట్లా కొడితే ఏంటి? నడవండి."

మొదటి జట్టు ఎక్కింది. ముందు ఐదు డప్పులు, వెనక సుశీలమ్మ, ఆమె వెనక నలుగురు ఆడవాళ్లు. ఆంథోని ఒక చేతిలో పానా, రెండో చెయ్యి రెయిలింగ్ మీద పెట్టి పక్కనే నడిచాడు. రెండు, రెండు, మూడు. ఆడవాళ్లు మొదట తడబడి, ఒకరినొకరు చూసుకుని నవ్వారు. తరవాత ఎవరి నడక వాళ్లు పట్టుకున్నారు. బ్రిడ్జి ఎప్పటిలాగే కిందికీ పైకీ కాస్త కదులుతోంది, అంతే. బోనం మీద దీపం నిటారుగా ఉంది.

నడిమధ్య దాటుతుండగా ఐదో డప్పు మారింది. అది బలరాం. నిరుడు మణికట్టు విరిగింది సరిగ్గా ఆ చోటే. కింద ఎర్రనీళ్లు చూశాడో ఏమో, చేతులు తెలిసిన దారి పట్టాయి. పాత నడక దరువు. పక్కవాడి డప్పు కూడా దానిలో కలిసింది. వెనక నలుగురు ఆడవాళ్ల కాళ్లు, ఎవరూ చెప్పకుండానే, కలిశాయి. ఎడమ. కుడి.

ఆంథోని అరచేతికి రెయిలింగ్ చెప్పింది. కంటికింకా కనబడలేదు. కేబుల్ ఎడమకు ఒక వేలెడు జరిగి, తిరిగి వచ్చి, కుడికి రెండు వేళ్లు జరిగింది. దీపం ఒరిగింది. ఆవలి ఒడ్డున శ్రావణి చెయ్యి సగం లేచింది.

డప్పు ఆపమని అరిస్తే జాతర ఆగిపోయినట్టే. అరవకపోతే తాళం. ఆంథోనికి ఆలోచించడానికి మూడు అడుగుల కాలమే ఉంది. పానా ఎత్తి పక్కనున్న పొట్టి కడ్డీని కొట్టాడు. ఠంగ్ ఠంగ్, ఠంగ్ ఠంగ్, ఠంగ్ ఠంగ్ ఠంగ్. రెండు, రెండు, మూడు. ఆ కీచు మోత ఐదు డప్పుల హోరునూ చీల్చుకుని బలరాం చెవిలో గుచ్చుకుంది. బాబూరావు వెనక్కి తిరిగి, డప్పు ఆపకుండానే, "ఒరే బలరాం! కుంటరా! కుంటూ!" అని కేకేశాడు.

సుశీలమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే నడక చెదిరింది. ఆమె వెనకాల ఆడవాళ్లవీ చెదిరాయి. బలరాం చేతులు రెండు, రెండు, మూడుకు వచ్చాయి. కేబుల్ ఇంకోసారి ఎడమకు జరిగి, ఈసారి వేలెడే, ఎవరూ తోయకపోయేసరికి సద్దుమణిగింది. శ్రావణి సగం లేచిన చెయ్యి నుదుటికి పోయి చెమట తుడుచుకుంది.

పానా మోతతో సహా ఆ జట్టు ఆవలి ఒడ్డు దిగింది. ఒక డప్పు అక్కడే ఆగకుండా మోగుతుంటే, మిగతా జట్లు పది మంది పది మందిగా వచ్చాయి. ప్రతి జట్టుతోనూ ఆంథోని పోయి వచ్చాడు, కడ్డీలు కొడుతూ. పంతొమ్మిదిసార్లు. ఒక్క కుండా పడలేదు. మధ్యాహ్నానికి మోకాళ్లు పట్టేసి స్తుతి ఇంటి అరుగు మీద కూర్చుంటే, వియ్యపురాలు మజ్జిగ తెచ్చి, "ఇప్పుడు ఒంట్ల బాగున్నదా అన్నా?" అని అడిగింది.

పొద్దుగూకే వేళకు శ్రావణి గేటు దగ్గర బోర్డు రాయించింది: ఒకసారి పది మంది మాత్రమే. అడుగులు కలపరాదు. దాని కింద ఇంకా ఏదో రాయించబోయి, పెయింటర్‌తో రెండు, రెండు, మూడు ఎట్లా రాయించాలో తెలియక వదిలేసింది. వచ్చే నెల మిషన్ తెచ్చి కొలుస్తానని, ఆంథోని లెక్క రెండు ఊపులకు మించి తేడా వస్తే ఊరుకోనని చెప్పి, స్కూటీ స్టార్ట్ చేసింది. తాళం, గొలుసు దిమ్మె మీదే మరిచిపోయింది. మరిచిందో, వదిలేసిందో.

మర్నాటి నుంచి ఆ తాళం ఇన్నమ్మ కోళ్ల గూటికి ఉంది. తాళంచెవి స్కూటీతోపాటు పోయింది గనుక దాన్ని బిగించరు, ఊరికే వేలాడుతుంది. తలుపు తీసినప్పుడల్లా గొలుసు గుర్రుమంటుంది. ఆంథోని సందులో అట్టముక్క పెడతానంటే ఇన్నమ్మ వద్దంది.

"ఉండనియ్. నువ్వు బ్రిడ్జి కాడున్నప్పుడు దొంగెవడన్న వస్తే నాకు ఎరుకైతది."

ఆంథోని పానా తీసుకుని వాగు వైపు నడిచాడు. నిన్నటి దెబ్బలకు కుడివైపు ఇరవై ఒకటో కడ్డీ గొంతు బొంగురు పోయింది.